చవక ఏఆర్-15 కొనాలా? డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మునుగుతుంది

టెక్సాస్‌లోనో జార్జియాలోనో ఏ తుపాకుల షాపుకెళ్లినా కౌంటర్ వెనక గోడకు నల్లటి ఏఆర్-15 రకం రైఫిళ్లు వరసగా కనిపిస్తాయి. దూరం నుంచి అన్నీ ఒకలాగే ఉంటాయి. అమెరికా సైన్యం వాడే ఎం4 కార్బైన్ రూపమే అన్నిటిదీ. దగ్గరికెళ్లి ధరలు చూస్తే మాత్రం ఒకదాని మీద 500 డాలర్లు, పక్కదాని మీద 1,100, ఆ పక్కదాని మీద 2,000కు దగ్గరగా ఉంటుంది. అన్నీ పేల్చేది ఒకే తూటా. తూటాలు నింపే మ్యాగజైన్ ఒకటే. విడిభాగాలు కూడా చాలావరకు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. మరి మిగతా డబ్బంతా దేనికి? 500ది కొన్నవాడు మోసపోయినట్టా, 2,000ది కొన్నవాడు మోసపోయినట్టా?

గ్రీన్‌కార్డు చేతికొచ్చి, సొంతిల్లు కొనుక్కుని, వారాంతాల్లో షూటింగ్ రేంజికి వెళ్లడం అలవాటైన తెలుగువాళ్లు కూడా ఈమధ్య ఈ ప్రశ్న అడుగుతున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సైన్యం పెట్టుకున్న ప్రమాణాలు సైన్యం అవసరాల కోసం పుట్టినవి. వాటిలో కొన్నిటికి మన డబ్బు పెట్టడం తప్పదు, కొన్నిటికి పెట్టడం దండగ. ఏది ఏదో తేల్చుకోవాలంటే ఆ ప్రమాణం అసలు ఎందుకు వచ్చిందో తెలియాలి. అయితే మన కుటుంబాల్లో ఇనుము సంగతి కన్నా ముందు కాగితాల సంగతి మాట్లాడాలి. అక్కడ తేడా కొడితే పోయేది ఐదారొందల డాలర్లు కాదు, ఆ దేశంలో ఉండే హక్కే పోతుంది.

ముందు వీసా, తర్వాతే ధర

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, తల్లిదండ్రులు వచ్చే బీ-2, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మినహాయింపులు కొన్ని ఉన్నా, మామూలు ఉద్యోగికీ విద్యార్థికీ పనికొచ్చేది ప్రధానంగా ఒకటే: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ పౌరులకూ ఈ అడ్డు లేదు. గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవాళ్లు 'ఇక వచ్చేసినట్టే కదా' అనుకోకుండా ముందు లాయరును అడగాలి.

దగ్గర ఉండడం అంటే కొనడం ఒక్కటే కాదు. రేంజిలో అద్దెకు తీసుకుని చేత్తో పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. హమీద్ రెహైఫ్ అనే యువకుడు స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడా వచ్చాడు. మార్కులు సరిగా రాక యూనివర్సిటీ పంపించేయడంతో అతని స్టేటస్ పోయింది. ఆ తర్వాత ఒక షూటింగ్ రేంజికి వెళ్లి తుపాకీ పేల్చాడు. ఫెడరల్ కేసు పడింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన స్టేటస్ ఏమిటో నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వమే రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది. చట్టపరంగా అది అతనికి అనుకూలమైన తీర్పే. కానీ ఒక్కసారి రేంజికి వెళ్లినందుకు ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చిందో చూడండి. 2022లో చేసిన మార్పు తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు.

మన ఇళ్లలో రెండు పొరపాట్లు సులువుగా జరుగుతాయి. ఒకటి, గ్రీన్‌కార్డు ఉన్న స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో 'అసలు కొంటున్నది మీరేనా' అని సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాసి సంతకం పెడితే అది వేరే నేరం. కొనకూడని మనిషి కోసం కొనిపెట్టడం ఇంకో నేరం, దానికీ 15 ఏళ్ల దాకా శిక్ష ఉంది. స్నేహితులిద్దరూ కలిసి మునిగిపోతారు. రెండోది, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని సరదాగా రేంజికి తీసుకెళ్లి నాన్న చేతిలో రైఫిల్ పెట్టి ఫొటో తీయడం. విజిటర్ వీసా మీద ఉన్న ఆయన పట్టుకోకూడదు, మీరు ఇవ్వకూడదు. ఫొటో మాత్రం మీ ఇద్దరి మీదా సాక్ష్యంగా మిగిలిపోతుంది. ప్రేమతో చేసిన పనే అయినా చట్టం దాన్ని అలా చూడదు.

కాగితాలన్నీ సరిగా ఉన్నా, ఉంటున్న రాష్ట్రం ఒప్పుకోవాలి. ఎడిసన్ చుట్టుపక్కల మన జనం ఎంతున్నా, న్యూజెర్సీలో ఈ రైఫిల్ మామూలు రూపంలో నిషిద్ధం. ఫ్రీమాంట్, శాన్‌హోసేల్లో ఉంటే కాలిఫోర్నియా నిబంధనలకు తగ్గట్టు రూపం మార్చినవే దొరుకుతాయి. షికాగో శివార్లున్న ఇల్లినాయిలో 2023 జనవరి నుంచి, సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో అదే ఏడాది ఏప్రిల్ నుంచి అమ్మకాలు ఆగిపోయాయి. న్యూయార్క్, కనెక్టికట్, మేరీల్యాండ్, మసాచుసెట్స్ సంగతీ దాదాపు అంతే. టెక్సాస్, జార్జియాల్లో అలాంటి నిషేధం లేదు. డాలస్‌లో కొని ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్లాల్సి వస్తే రైఫిల్‌ను అలాగే వెంట తీసుకెళ్లడం కుదరదు. రెండేళ్లకోసారి ప్రాజెక్టు మారే మనవాళ్లు ముందుగా ఆలోచించుకోవాల్సిన సంగతి ఇది.

ఇక ఇండియాలో ఈ ప్రశ్నే తలెత్తదు. ఆయుధ చట్టం కింద ఇలాంటి సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేల్చే) రైఫిళ్లు నిషిద్ధ వర్గంలో ఉన్నాయి. మామూలు లైసెన్సుతో దొరకవు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే ఊరి ప్రయాణానికి సర్దుకోవద్దు. అడుగున జిప్పులో మర్చిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్ విమానాశ్రయంలో స్కానర్ దగ్గర ఆపడానికి, ఆయుధ చట్టం కింద కేసు పెట్టడానికి.

ఇన్ని కాపీలు ఎక్కడివి

ఈ రైఫిల్‌కు మూలం యూజీన్ స్టోనర్. ఆయన 1950ల్లో ఆర్మలైట్ కంపెనీలో ఉండగా ముందు ఏఆర్-10ను, దాన్నుంచి ఏఆర్-15ను రూపొందించారు. 1959లో కోల్ట్ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. సైన్యం తీసుకున్న ఆటోమేటిక్ రూపం ఎం16 అయింది. 1964లో కోల్ట్ సెమీ ఆటోమేటిక్ రూపాన్ని స్పోర్టర్ పేరుతో పౌరులకు అమ్మడం మొదలుపెట్టింది. స్టోనర్ గ్యాస్ యంత్రాంగం మీద ఉన్న పేటెంటు 1977లో ముగిసింది. అప్పటినుంచి ఎవరైనా దీన్ని తయారుచేయొచ్చు. ఏఆర్-15 అనే పేరు మాత్రం కోల్ట్ ట్రేడ్‌మార్కుగానే ఉండిపోయింది. అందుకే మిగతా కంపెనీలు తమ రైఫిళ్లకు వేరే పేర్లు పెట్టుకుంటాయి.

1994 నుంచి 2004 దాకా ఫెడరల్ నిషేధం ఉంది. అది ముగిశాక మార్కెట్ కట్టలు తెంచుకుంది. తయారీదారుల సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ 2022లో వేసిన అంచనా ప్రకారం ఇలాంటి రైఫిళ్లు దేశంలో 2 కోట్ల 40 లక్షల పైచిలుకు చలామణిలో ఉన్నాయి. అంత పెద్ద మార్కెట్‌లో పోటీ ధరను కిందికి నెట్టింది. చాలా బ్రాండ్ల రిసీవర్లకు (మిగతా భాగాలు అమరే తుపాకీ ఒడలికి) అల్యూమినియం ఫోర్జింగ్‌లు, అంటే నొక్కి ఆకారమిచ్చిన దిమ్మలు, అవే కొద్దిపాటి కార్ఖానాల నుంచి వస్తాయి. ఒకే తాను గుడ్డను ఇద్దరు దర్జీలు కుట్టినట్టు, ముడిసరుకు ఒకటే అయినా కుట్టులో తేడా ఉంటుంది. ధరలో తేడా ఎక్కువగా ఆ కుట్టుదే, కుట్టాక ఎంత శ్రద్ధగా చూశారన్నదానిదే.

సైన్యం తుపాకీ నుంచి రెండు సంగతులు మాత్రం షాపులో మామూలుగా దొరికే క్లోన్లలో (సైన్యం రైఫిల్‌ను పోలిన కాపీల్లో), ధర ఎంతైనా, ఉండవు. ఒకటి ఆటోమేటిక్ కాల్పు. 1986 మే 19 తర్వాత కొత్త మెషిన్‌గన్‌ను పౌరుల పేరిట నమోదు చేయడం ఆగిపోయింది. అంతకుముందు నమోదైన ఎం16లు ఇప్పుడు పదుల వేల డాలర్లు పలుకుతున్నాయి. మామూలు రైఫిల్‌ను అలా మార్చబోతే నేరుగా ఫెడరల్ జైలుకే. రెండోది బ్యారెల్ పొడవు. ఎం4ది 14.5 అంగుళాలు. 1934 నాటి చట్టం ప్రకారం 16 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్‌ను ప్రత్యేకంగా నమోదు చేయించాలి. దాని మీద 200 డాలర్ల పన్ను 2026 జనవరి నుంచి సున్నా అయింది, నమోదు మాత్రం అలాగే ఉంది. అందుకే క్లోన్లలో చాలావాటికి 16 అంగుళాల బ్యారెల్ ఉంటుంది. కొన్నిటికి 14.5 అంగుళాల బ్యారెల్ చివర ఒక ముక్కను శాశ్వతంగా వెల్డింగ్ చేసి 16 అంగుళాలు దాటిస్తారు. ఈ అంగుళంన్నర తేడా చూడ్డానికి చిన్నదే. తుపాకీ నడకలో దాని ప్రభావం ఏమిటో కొంచెం కింద చెబుతాను.

మిల్-స్పెక్ అనే ముద్ర

చవక రైఫిళ్ల ప్రకటనల్లో తరచూ కనిపించే ముద్ర మిల్-స్పెక్. కొనేవాడిని ఎక్కువగా తికమక పెట్టేది కూడా ఇదే. సైన్యానికి వెళ్లే ఎం4కి టెక్నికల్ డేటా ప్యాకేజీ అనే పెద్ద కట్ట ఉంటుంది. ఏ లోహం, ఎంత వేడి చికిత్స, ఏ పూత, ప్రతి భాగాన్నీ ఎలా పరీక్షించాలి, అన్నీ అందులో ఉంటాయి. ప్రభుత్వ తనిఖీ అధికారులు పక్కనే ఉండి చూస్తారు. కోల్ట్, ఎఫ్‌ఎన్ లాంటి కంపెనీలు ఆ ఒప్పందాల కింద తయారుచేశాయి. షాపులో ఉన్న 500 డాలర్ల రైఫిల్‌కు ఆ తనిఖీ జరగదు. చాలా ప్రకటనల్లో ఈ ముద్రకు అర్థం కొలత ఒక్కటే. భుజానికి ఆనించే వెనక మడమ (స్టాక్) జారే గొట్టాన్నే తీసుకోండి. మిల్-స్పెక్ గొట్టం వ్యాసం 1.148 అంగుళాలు, కమర్షియల్‌ది 1.168. ఫలానా సైజు మడమ దీనికి పడుతుందని చెప్పడానికి ఆ మాట ఉపయోగపడుతుంది. ఆ గొట్టం ఏ అల్యూమినియంతో చేశారో, ఎంత గట్టిదో అది చెప్పదు.

రిసీవర్ల విషయంలో మాత్రం చవకవి కూడా దాదాపు సైన్యం బాటలోనే ఉంటాయి. 7075-టీ6 అల్యూమినియం ఫోర్జింగ్, గట్టి అనోడైజింగ్ పూత ఇప్పుడు 500 డాలర్ల రైఫిల్‌లోనూ మామూలే. అక్కడ ఎక్కువ డబ్బు పోసినా ఒరిగేది పెద్దగా లేదు.

బ్యారెల్ సంగతి వేరు. దాని వెనక ఒక విషాదం ఉంది. 1960ల మధ్యలో ఎం16 వియత్నాం వెళ్లినప్పుడు యుద్ధంలోనే ఇరుక్కుపోవడం మొదలైంది. పేలిన తూటా ఖాళీ తొడుగు చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) అతుక్కుపోయి బయటికి రాలేదు. శత్రువు ఎదురుగా ఉండగా శుభ్రంచేసే కడ్డీతో తొడుగును పొడిచి బయటికి తీయాల్సి వచ్చింది. అలా కుర్రాళ్లు చనిపోయారు. 1967లో ప్రతినిధుల సభలో రిచర్డ్ ఇకార్డ్ అధ్యక్షతన ఉపసంఘం విచారించింది. తూటాలోని మందు రకం మార్చారు, దాంతో మసి, కాల్పుల వేగం పెరిగాయి. చాంబర్‌కు క్రోమ్ పూత వేయలేదు. ఇది తనంతట తానే శుభ్రంగా ఉంటుందన్నట్టు చెప్పి, శుభ్రంచేసే సామాను కూడా సరిగా ఇవ్వలేదు. ఎం16ఏ1లో చాంబర్‌కు క్రోమ్ పూత వచ్చింది, తర్వాత బ్యారెల్ లోపలంతా వచ్చింది. మిల్-స్పెక్ బ్యారెల్‌కు క్రోమ్ లైనింగ్ తప్పనిసరి కావడం వెనక ఉన్న ప్రాణాలు అవి.

ఇప్పుడు చవక క్లోన్లలో చాలావాటికి క్రోమ్ బదులు నైట్రైడ్ చికిత్స చేస్తారు. ఉక్కు పై పొరనే గట్టిపరచడం అది. తుప్పును బాగానే ఆపుతుంది. లోపల పూత మందం ఎక్కువతక్కువలు ఉండవు కాబట్టి గురి కూడా మెరుగ్గానే ఉంటుంది. క్రోమ్ నిజంగా ముందుండేది ఆపకుండా ఆటోమేటిక్‌గా కాల్చినప్పుడు పుట్టే వేడిని తట్టుకోవడంలో. సెమీ ఆటోమేటిక్‌తో, రేంజిలో ఒక గంటలో వందో రెండొందలో తూటాలు కాల్చేవాడికి ఆ వేడి రాదు. కాబట్టి నైట్రైడ్ బ్యారెల్ అని వెనకాడనక్కర్లేదు. బ్యారెల్ మీద చూడాల్సింది ఇంకోటి ఉంది. అక్కడ 5.56 నాటో అని గానీ .223 వైల్డ్ అని గానీ చెక్కి ఉంటే 5.56, .223 రెమింగ్టన్ తూటాలు రెండూ పేల్చొచ్చు. కేవలం .223 రెమింగ్టన్ అని ఉంటే అందులో 5.56 తూటా పెట్టకూడదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు.

చవక ఎక్కడ కాటేస్తుంది

రైఫిల్‌లో ఎక్కువ దెబ్బలు తినే భాగం బోల్ట్, అంటే చాంబర్‌ను వెనక నుంచి మూసే ఉక్కు ముక్క. ప్రతి కాల్పు ఒత్తిడినీ దాని ముందు పళ్లే ఆపుతాయి. సైన్యం దానికి కార్పెంటర్ 158 అనే ప్రత్యేక ఉక్కు వాడుతుంది. తయారైన బోల్టులను ఎక్కువ ఒత్తిడి తూటాతో పరీక్షించి, కంటికి కనపడని పగుళ్ల కోసం అయస్కాంత పరీక్ష చేస్తుంది. ఆ పరీక్షకు గుర్తుగా ఎంపీఐ అని చెక్కుతారు. చవక తయారీదారులు 9310 ఉక్కు కూడా వాడతారు. వేడి చికిత్స సరిగా చేస్తే అదీ మంచిదే. తేడా పరీక్షలోనే వస్తుంది. ఖరీదైన కంపెనీ ప్రతి బోల్టునూ పరీక్షిస్తే, ఇంకో కంపెనీ బ్యాచ్‌లో కొన్నిటిని పరీక్షించి ఊరుకుంటుంది. కాబట్టి చవక రైఫిళ్లలో పదింట్లో తొమ్మిది ఖరీదైనదానిలాగే పనిచేసినా, పదోది మీ ఇంటికి రావచ్చు. సగటు నాణ్యతలో ఇప్పుడు పెద్ద తేడా లేదు. ఒక పీసుకూ ఇంకో పీసుకూ మధ్య ఎంత ఊగిసలాట ఉందన్నదే తేడా. ఆరొందల డాలర్లు ఎక్కువ పెట్టి కొనుక్కునేది ఆ ఊగిసలాట తగ్గడాన్నే.

అందుకే చవకది కొన్నవాడు తానే తనిఖీ అధికారి కావాలి. కౌంటర్ మీదే చూడగలిగినవి రెండున్నాయి. షాపువాళ్లను అడిగి తుపాకీ ఖాళీ అని నిర్ధారించుకున్నాక బోల్ట్‌ను మోసే బోల్ట్ క్యారియర్‌ను బయటికి తీయించండి. దాని పైన వేలంత గొట్టం, రెండు స్క్రూలతో బిగించి కనిపిస్తుంది. అది గ్యాస్ కీ. బ్యారెల్ నుంచి వచ్చే గ్యాస్ అందులోంచే క్యారియర్‌ను వెనక్కి తోస్తుంది. ఆ స్క్రూలు వదులైతే గ్యాస్ కారిపోయి రైఫిల్ ఒక్కో తూటాకూ ఆగిపోతుంది. వదులు కాకుండా ఉండేందుకు కీ అంచు లోహాన్ని ఉలిలాంటి పనిముట్టుతో గుచ్చి స్క్రూ తల గాళ్లలోకి నెడతారు. దాన్నే స్టేకింగ్ అంటారు. మంచి పనైతే లోహం స్క్రూ తల మీదికి స్పష్టంగా పొర్లి ఉంటుంది. నామమాత్రపు పనైతే పైపైన గోటితో గీసినట్టు చిన్న గుర్తు ఉంటుంది. తర్వాత రైఫిల్ వెనక మడమ గొట్టం రిసీవర్‌ను కలిసేచోట పళ్ల చక్రంలాంటి నట్టు చూడండి. దాన్ని క్యాజిల్ నట్ అంటారు. అక్కడ కూడా నట్టును ఆనుకుని ఉన్న పలక లోహాన్ని నట్టు గాడిలోకి గుచ్చి ఉండాలి. చవకవాటిలో తరచూ ఇది వదిలేస్తారు. నట్టు వదులైతే గొట్టమే తిరిగిపోతుంది. ఈ రెండూ గన్‌స్మిత్ దగ్గర కొద్ది నిమిషాల పని. లేకపోతే కొనకూడదని కాదు, లేవని తెలిసి కొనాలి.

కౌంటర్ మీద కనపడనిది గ్యాస్ రంధ్రం (బ్యారెల్ నుంచి గ్యాస్ బయటికి వచ్చే రంధ్రం) సైజు. బలహీనమైన చవక తూటాతో కూడా రైఫిల్ ఆగకూడదని కొందరు ఆ రంధ్రాన్ని పెద్దదిగా తవ్వుతారు. దాంతో నడుస్తుంది గానీ గట్టిగా తంతుంది, ఖాళీ తొడుగుల్ని ముందువైపుకు విసిరేస్తుంది, భాగాలు తొందరగా అరుగుతాయి. మడమ గొట్టంలో క్యారియర్ దెబ్బను ఆపే బఫర్‌ను బరువైనది వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. దానికి సుమారు 30 డాలర్లు చాలు.

అచ్చం సైన్యానిదిలా ఉండాలనుకుంటే

ఇప్పుడు ఆ అంగుళంన్నర సంగతి. ఎం4లో గ్యాస్ గొట్టం పొట్టిది, 14.5 అంగుళాల బ్యారెల్‌కు తగినది. అదే పొట్టి గొట్టాన్ని 16 అంగుళాల క్లోన్‌కు పెడితే గ్యాస్ రంధ్రం దాటాక తూటా ఇంకా ఎక్కువ దూరం బ్యారెల్‌లోనే ఉంటుంది, అంతసేపూ గ్యాస్ వెనక్కి కొడుతూనే ఉంటుంది. అందుకే 16 అంగుళాల బ్యారెల్‌కు మిడ్-లెంగ్త్ (ఇంకాస్త పొడవైన గొట్టం ఉన్న) గ్యాస్ వ్యవస్థ ఉన్నది తీసుకుంటే తన్ను తగ్గుతుంది, భాగాలకు ఆయుష్షు పెరుగుతుంది. అంటే ఎం4ను ఎక్కువ నమ్మకంగా అనుకరించినదే పనిలో కొంచెం వెనకబడుతుంది. చవక కంపెనీలు రెండు రకాలూ దాదాపు ఒకే ధరకు అమ్ముతాయి. అడిగి తీసుకోవడమే మన పని.

చరిత్ర మీద ప్రేమతో కొనేవాళ్ల లెక్క వేరు. వియత్నాం నాటి ఎం16ఏ1లా, త్రికోణపు ముందు పట్టుతో, మోసుకెళ్లే హ్యాండిల్‌తో, బూడిద రంగు పూతతో ఉండే క్లోన్లను కొన్ని కంపెనీలు ఇప్పుడు తయారుచేస్తున్నాయి. వియత్నాం కాలంలో కోల్ట్‌తో పాటు ఎం16ఏ1లు తయారుచేసిన హ్యారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ పేరు మీద, ఇప్పుడు పామెట్టో స్టేట్ ఆర్మరీ వాటిని అమ్ముతోంది. ఇలాంటి కొనుగోలుదారుకు ప్రతి వివరమూ ముఖ్యం. చవక క్లోన్ అతన్ని నిరాశపరచేది ఎప్పుడూ వివరాల్లోనే. పూత రంగు కాస్త నల్లగా ఉంటుంది, మడమ పొడవు వేరే కాలానిది ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అసలైన ఎం16ఏ1 బ్యారెల్ లోపలి గాళ్లు 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఆనాటి 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అనేది తూటా బరువు కొలత) తూటాకు అది సరిపోయింది. తర్వాత సైన్యం తీసుకున్న 62 గ్రెయిన్ల ఎం855 తూటా ఆ బ్యారెల్‌లోంచి నిలకడగా వెళ్లదు. అందుకే ఎం16ఏ2 నుంచి 7 అంగుళాలకు ఒక చుట్టు పెట్టారు. చరిత్రకు నమ్మకంగా ఉన్న బ్యారెల్ కావాలనుకునేవాళ్లు తూటా విషయంలో కూడా ఆ కాలానికే కట్టుబడాలి.

ఏఆర్ గురించి నేను చెప్పిన ధైర్యాన్ని ఏకే క్లోన్లకు అన్వయించవద్దు. ఏఆర్‌లో బోల్ట్ తాళం పడేది బ్యారెల్ వెనక బిగించిన ఉక్కు భాగంలో. కొలతలు ప్రామాణికం, భాగాలు విప్పి మార్చుకోవచ్చు. ఏకేలో బ్యారెల్, ముందు ట్రనియన్ (బ్యారెల్‌ను పట్టుకుని, బోల్ట్ తాళం పడే భాగం), రివెట్లు అన్నీ నొక్కి బిగించినవి. అక్కడ లోపముంటే ఇంట్లో మార్చలేం. అమెరికాలో తయారైన కొన్ని చవక ఏకేల్లో ఫోర్జ్ చేయాల్సిన ట్రనియన్‌ను పోత పోశారు. అది అరిగి బోల్టుకూ తూటాకూ మధ్య ఖాళీ పెరిగితే చాంబర్‌లోనే తూటా తొడుగు పగిలే ప్రమాదం ఉంది, తుపాకీకి చెంప ఆనించిన మనిషికి కూడా. ఏకేలో చవకకు పోవద్దు.

లెక్క వేసుకుంటే

రైఫిల్ ధర ఈ ఖర్చులో మొదటి భాగం మాత్రమే. 5.56 తూటా ఇప్పుడు దాదాపు అర డాలర్. వెయ్యి తూటాలంటే చవక రైఫిల్ ధరంత. గురి చూసుకునే రెడ్ డాట్ 150 నుంచి 200 డాలర్లు, చెవులకు కప్పులు, కళ్లద్దాలు, నాలుగైదు మ్యాగజైన్లు. ఆన్‌లైన్‌లో కొంటే లైసెన్సున్న డీలరు దగ్గరికే వస్తుంది, ఆయన కొద్ది రుసుము తీసుకుని 4473 నింపించి, నేపథ్య తనిఖీ చేసి ఇస్తాడు. ఒకరోజు శిక్షణ తరగతి అదనం, అది లేకుండా మొదలుపెట్టొద్దు.

రేంజి కోసం, నేర్చుకోవడం కోసం కొనేవాడు 500 డాలర్లది తీసుకుని మిగిలిన ఐదారొందలూ తూటాలకూ శిక్షణకూ పెట్టడమే మేలు. వెయ్యి తూటాలు కాల్చిన చెయ్యి, ఖరీదైన రైఫిల్ బీరువాలో పెట్టుకున్న చెయ్యికన్నా ఎన్నో రెట్లు సురక్షితం. మొదటి మూడొందల తూటాల్లోనే లోపాలు చాలావరకు బయటపడతాయి. ఆగిపోతుంటే కంపెనీకి తిప్పి పంపాలి. చవక కంపెనీల్లో కూడా జీవితకాల హామీ ఇచ్చేవి ఉన్నాయి. ఇంటి రక్షణ కోసమే అనుకునేవాడు చవకదే కొన్నా, 150 నుంచి 200 డాలర్లు పెట్టి పేరున్న కంపెనీ బోల్ట్ క్యారియర్ గ్రూప్ మార్చుకుని, నాలుగైదు వందల తూటాలు ఆగకుండా పేలాకే దాన్ని నమ్మాలి. తనిఖీ చేసే ఓపిక లేనివాడు, స్టేకింగ్ చూడడం నా వల్ల కాదనుకునేవాడు మధ్య శ్రేణిలో, వెయ్యి పైన పెట్టడం న్యాయం. అమ్మేటప్పుడు కోల్ట్ లాంటి పేరు ధర నిలబెడుతుంది, చవక బ్రాండు నిలబెట్టదు. ఇక 2,000 డాలర్లది రేంజికి వెళ్లే మామూలు మనిషికి అవసరమని నేను అనుకోను.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు మాత్రం రక్షణ కోసం ఈ రైఫిల్ వద్దంటాను. చెక్క ఫ్రేము, జిప్సమ్ బోర్డు గోడలు ఏ తూటానూ ఆపవు. అవతల పడుకున్నది పక్కింటి పిల్లలు కావచ్చు.

2023 మే 6న డాలస్ పక్కన ఆలెన్ మాల్‌లో ఒకడు ఈ తరహా రైఫిల్‌తోనే ఎనిమిదిమందిని చంపాడు. వాళ్లలో మన తెలుగమ్మాయి, ఇంజినీరు, ఒకరున్నారు. ఆ వారం మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో తెలిసినవాళ్లం మనం. ఇలాంటిది ఇంట్లోకి తెచ్చుకుంటున్నప్పుడు అది ఎవరి చేతికి చిక్కకూడదన్నది కొనుగోలులో భాగమే. టెక్సాస్‌లో తూటాలు నింపిన తుపాకీని జాగ్రత్త చేయకుండా ఉంచి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే నేరం. పెట్టెతో పాటు వచ్చే కేబుల్ తాళం ఒక్కటీ సరిపోదు, ఉక్కు సేఫ్ కావాలి, తూటాలు వేరే తాళంలో ఉండాలి. సేఫ్ కోడ్ హెచ్-4 మీద ఉన్న భార్యకో, ఎఫ్-1 మీద ఉన్న తమ్ముడికో, బీ-2 మీద వచ్చిన అమ్మానాన్నలకో తెలిసి ఉంటే అది వాళ్ల దగ్గర ఉన్నట్టే అని వాదించే అవకాశం ప్రభుత్వానికి ఇచ్చినట్టవుతుంది. కాబట్టి కోడ్ కొన్నవాడి దగ్గరే ఉండాలి. ఓ మోస్తరు సేఫ్‌కు కొన్ని వందల డాలర్లు అవుతుంది. ఆ డబ్బు చేతిలో లేకపోతే రైఫిల్ ఈ ఏడాదికి ఆగాలి, 500 డాలర్లదైనా సరే.